నా దగ్గర పనిచేస్తోందే!

ఒకటే ప్రాజెక్టు. ఒకటే ప్రోగ్రామ్. ఒకరి ల్యాప్‌టాప్‌లో పరుగులు పెడుతుంది, పక్కవాళ్ల దాంట్లో మొరాయిస్తుంది. రాసినవాళ్ల తప్పూ కాదు, రాతలో తప్పూ లేదు. మరి తేడా ఎక్కడొచ్చింది?

సంక్రాంతికి ఊరొచ్చిన అబ్బాయి భోగిమంట దగ్గర పది నిమిషాలు నిలబడతాడో లేదో ఫోను మోగుతుంది. ల్యాప్‌టాప్ తెరుస్తాడు. ‘నా దగ్గర పనిచేస్తోందే... నీ దగ్గర ఎందుకు రావట్లేదు?’ అంటూ మొదలుపెడితే అరిసెలు చల్లారిపోయినా ఆ సంభాషణ తెమలదు. వినీ వినీ వంటింట్లో అమ్మకీ అరుగుమీద తాతయ్యకీ ఆ ఒక్క వాక్యం కంఠతా వచ్చేసి ఉంటుంది. మాదాపూర్, గచ్చిబౌలి నుంచి అమెరికాలోని డల్లాస్ దాకా సాఫ్ట్‌వేర్ ఉద్యోగులున్న తెలుగిళ్లలో ఏదో ఒకరోజు వినపడే మాటే ఇది.

దాని వెనక కారణాలు చాలానే ఉండొచ్చు. ఒకటి మాత్రం చిత్రమైంది. అందరి దగ్గరా ఉన్నది ఒకే ప్రోగ్రామ్, అక్షరం తేడా ఉండదు. అయినా ఒకరికి పనిచేస్తుంది, ఒకరికి చేయదు. ఎందుకంటే... ఆ ప్రోగ్రామ్‌కు కావాల్సిన సరుకులు తెచ్చిపెట్టే సాధనం కొందరి దగ్గర పాతది, కొందరి దగ్గర కొత్తది!

చీటీ ఒకటే, తెచ్చేవాళ్లు వేరు

ఈ రోజుల్లో సాఫ్ట్‌వేర్‌ను మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా సొంతంగా ఎవరూ రాయరు. తేదీని చక్కగా చూపించడానికి ఒకటి, ఫొటో సైజు తగ్గించడానికి ఒకటి... ఇలా ఎవరో ఎప్పుడో రాసి ఉచితంగా అందరి ముందూ పెట్టిన ముక్కల్ని తెచ్చుకుని వాడుకుంటారు. వీటినే ప్యాకేజీలంటారు. ఒక ప్యాకేజీ మరో నాలుగింటి మీద ఆధారపడుతుంది, ఆ నాలుగూ ఇంకొన్నిటి మీద. ఇంజినీరు తన జాబితాలో ఇరవై పేర్లు రాసుకుంటే కంప్యూటర్లోకి దిగేవి వందల్లో ఉండటం మామూలే. అన్నిటినీ చేత్తో ఏరి తెచ్చుకోవడం మనిషి వల్ల కాదు. ఆ పనికోసం ఉన్న ప్రోగ్రామే ప్యాకేజీ మేనేజర్. వెబ్‌సైట్ల తయారీలో విరివిగా వాడే జావాస్క్రిప్ట్‌కు 2010లో వచ్చిన ఎన్‌పీఎం అలాంటిదే. 2016లో ఫేస్‌బుక్ ఇంజినీర్లు యార్న్‌ను తెచ్చారు. పీఎన్‌పీఎం అని ఇంకొకటి కూడా ఉంది.

పెళ్లింట్లో వంట మేస్త్రీ రాసిచ్చే సరుకుల చీటీని గుర్తుచేసుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ‘కందిపప్పు పది కిలోలు, మంచి రకం’ అని రాస్తాడు. ఏ మిల్లుదో రాయడు. బాబాయి వెళ్తే ఒక రకం తెస్తాడు, మావయ్య వెళ్తే ఇంకో రకం. సోమవారం వెళ్తే ఒకటి దొరుకుతుంది, గురువారం వెళ్తే ఇంకొకటి. పప్పు పప్పే... కాకపోతే ఒకటి త్వరగా ఉడుకుతుంది, ఒకటి ఉడకదు!

ప్యాకేజీలకూ ఇలాగే రకాలుంటాయి. వాటిని వెర్షన్లంటారు. 4.2.1 లాగా మూడంకెలతో గుర్తిస్తారు. మొదటి అంకె మారిందంటే పద్ధతే మారినట్టు, పాతదాని చోట కొత్తది పెడితే ఇబ్బందే. రెండోది మారితే కొత్త సదుపాయమేదో చేరినట్టు. మూడోది మారితే చిన్న మరమ్మతు జరిగినట్టు. అంకెల ముందు టోపీ లాంటి ఓ గుర్తు పెడితే ‘మొదటి అంకె మారనంతవరకూ ఎంత కొత్తదైనా ఫర్వాలేదు, పట్రా’ అని అర్థం. మేస్త్రీ చీటీలో ‘మంచి రకం’ అన్నట్టే. ఈ అంకెల మర్యాదను అందరూ పాటిస్తారన్న నమ్మకం మీదే వ్యవహారమంతా నడుస్తుంటుంది. పాటించనివాళ్లు ఒక్కరున్నా చాలు.

పదకొండు లైన్లు... రెండున్నర గంటలు

అంకెకు ఎంత పట్టింపు ఉంటుందో 2016 మార్చి 22న ప్రపంచమంతా చూసింది. అజెర్ కోచులు అనే ప్రోగ్రామర్‌కు ఎన్‌పీఎంలో కిక్ అనే ప్యాకేజీ ఉండేది. అదే పేరున్న మెసేజింగ్ సంస్థ ఆ పేరు తమకు కావాలంది. ఆయన ఇవ్వనన్నాడు. ఎన్‌పీఎం నిర్వాహకులు పేరును సంస్థకే ఇచ్చారు. ఆయనకు కోపం వచ్చింది. తన ప్యాకేజీలన్నిటినీ ఒక్కసారిగా తీసేశాడు. అవి 270కి పైనే. అందులో లెఫ్ట్-ప్యాడ్ అనే ఓ బుల్లి ప్యాకేజీ ఉంది. అది చేసే పనల్లా ఒక పదానికి ఎడమవైపు ఖాళీలో సున్నాలో చేర్చి కావాల్సినంత పొడవు చేయడమే. మొత్తం పదకొండు లైన్లు! కానీ దాని మీద వేరేవి, వాటి మీద ఇంకా పెద్దవి ఆధారపడి ఉన్నాయి. ఎక్కడెక్కడి ప్రాజెక్టులో నిమిషానికి వందల చొప్పున ఆగిపోవడం మొదలైంది.

అసలు విశేషం ఆ తర్వాతే ఉంది. కొద్ది నిమిషాల్లోనే మరో ప్రోగ్రామర్ అదే పని చేసే ప్యాకేజీని అదే పేరుతో పెట్టాడు. దానికి 1.0.0 అని అంకె ఇచ్చాడు. అయినా చాలా ప్రాజెక్టులు కదల్లేదు. ఎందుకంటే వాటి జాబితాల్లో ఉన్నది 0.0.3. పని అదే, పేరదే... అంకె అది కాదు కాబట్టి యంత్రం ఒప్పుకోలేదు. చివరికి నిర్వాహకులే పాత 0.0.3ను తమ నిల్వల్లోంచి తీసి మళ్లీ పెట్టారు. అప్పటికి రెండున్నర గంటలైంది.

ఏ సరుకు ఏ అంకెదో ఎక్కడో ఒకచోట కచ్చితంగా రాసిపెట్టుకోవాలన్న ఆలోచన అంతకుముందూ ఉంది. అదే ఏడాది యార్న్, 2017 మేలో ఎన్‌పీఎం ఐదో వెర్షన్ దాన్ని ఎవరూ అడగకుండానే చేయడం మొదలుపెట్టాయి. సరుకులు తెచ్చాక వచ్చే బిల్లు లాంటిది ఇది. ఏ ప్యాకేజీ, ఏ వెర్షన్, ఎక్కడి నుంచి వచ్చింది, అది అసలుదే అనడానికి గుర్తేమిటి... అన్నీ ఒక ఫైల్లో ఉంటాయి. దీన్ని లాక్ ఫైల్ అంటారు. చీటీతోపాటు ఈ బిల్లునూ ప్రాజెక్టులోనే భద్రపరిస్తే తర్వాత ఎవరొచ్చినా దాన్ని చూసి సరిగ్గా అవే తెచ్చుకోవచ్చు.

కథ ఇక్కడితో కంచికి పోవాల్సింది. పోలేదు. ఆ బిల్లు రాసేదీ, చదివేదీ ప్యాకేజీ మేనేజరే కదా! మరి దాని వెర్షన్ మాటేమిటి?

బిల్లు భాష మారింది

2020 అక్టోబరులో ఎన్‌పీఎం ఏడో వెర్షన్ వచ్చింది. వస్తూనే లాక్ ఫైల్ రాసే పద్ధతిని మార్చింది. అంతకుముందున్నది ఒకటో పద్ధతి, ఇది రెండోది. పాతవాళ్లు ఇబ్బంది పడకూడదని వాళ్లకు అర్థమయ్యే భాగాన్నీ ఉంచి, పక్కనే కొత్త భాగాన్నీ చేర్చింది. దాంతో ఫైలు బాగా లావెక్కింది.

ఇక్కడ ఇంకో సంగతి. జావాస్క్రిప్ట్‌ను కంప్యూటర్లో నడిపే నోడ్ అనే ప్రోగ్రామ్‌ను పెట్టుకుంటే ఎన్‌పీఎం దానితోపాటే వచ్చేస్తుంది, ఫోను కొంటే చార్జరు వచ్చినట్టు (ఆ రోజులూ పోయాయనుకోండి). నోడ్ 14 పెట్టుకున్నవాళ్లకు ఎన్‌పీఎం 6 వచ్చేది. 2021 ఏప్రిల్లో విడుదలైన నోడ్ 16తో ఎన్‌పీఎం 7 వచ్చింది. ఎవరూ కోరి ఎంచుకున్నది కాదు కాబట్టి తమ దగ్గర ఏది ఉందో చాలామందికి తెలియను కూడా తెలియదు.

ఇప్పుడు ఓ బృందాన్ని ఊహించుకోండి. ఇద్దరు సీనియర్ల ల్యాప్‌టాప్‌ల్లో నోడ్ 14. కొత్తగా చేరిన అమ్మాయికి కంపెనీ కొత్త ల్యాప్‌టాప్ ఇచ్చింది, అందులో నోడ్ 16. ఆమెకు అప్పగించిన పని చిన్నది. ఒకే ఒక్క ప్యాకేజీ చేర్చాలి. చేర్చింది. మార్పులు సరిచూడమని పంపింది. సీనియర్ తెరిచి చూస్తే... వేల లైన్లు మారిపోయి ఉన్నాయి! ఆమె ఏమీ చేయలేదు. ఆమె దగ్గరున్న ఎన్‌పీఎం లాక్ ఫైలు మొత్తాన్నీ తన భాషలో తిరగరాసింది. సీనియర్ దాన్ని తన దగ్గర నడిపి చూశాడు. ఆయన ఎన్‌పీఎం మళ్లీ పాత భాషలోకి తిప్పింది. ఇంకో వేల లైన్లు. అలా ఆ ఫైలు ఇద్దరి మధ్యా బంతిలా అటూ ఇటూ తిరుగుతుంటుంది. నిజంగా మారింది నాలుగు లైన్లే. ఆ నాలుగూ ఎక్కడున్నాయో ఎవరికీ కనపడవు.

కొత్త పద్ధతి ఫైలు కంటపడగానే పాత ఎన్‌పీఎం ఓ హెచ్చరిక ఇచ్చేది. ‘ఇది నాకు తెలిసిన పద్ధతిలో లేదు. అయినా నా శాయశక్తులా ప్రయత్నిస్తాను’ అని దాని సారాంశం. పాపం, మంచి మనసే! కానీ ఆ ప్రయత్నంలో ఏది సరిగ్గా కుదిరిందో ఏది కుదరలేదో మాత్రం చెప్పదు.

అక్కడితో అయిపోలేదు. కొన్ని ప్యాకేజీలు ‘నేను పనిచేయాలంటే పక్కన ఫలానా ప్యాకేజీ, ఫలానా వెర్షన్ ఉండాలి’ అని షరతు పెడతాయి. షరతు కుదరకపోతే ఆరో వెర్షన్ కాస్త గొణిగి తన పని తాను చేసుకుపోయేది. ఏడోది అలా కాదు. పక్కన ఉండాల్సినవాటిని తనే తేబోతుంది. పొసగలేదంటే చాలాసార్లు మొత్తం పని ఆపేసి ఎర్రక్షరాలు చూపిస్తుంది. అదే చీటీతో అదే బజారుకు వెళ్లి ఒకరు సరుకులతో వస్తే ఇంకొకరు ఖాళీ సంచీతో తిరిగొచ్చారన్నమాట.

‘అన్నా, నా దగ్గర రావట్లేదు’ అంటుందామె. ‘నా దగ్గర వస్తోందే’ అంటాడాయన. ఇద్దరూ చెప్పేది నిజమే. అయితే ఆయనకు ఆ ప్రాజెక్టు రెండేళ్లుగా నడుస్తోంది, ఆమె చేరి రెండు రోజులైంది. తప్పు తనదేనని ఎవరనుకుంటారో చెప్పక్కర్లేదు. తీసేసి మళ్లీ పెడుతుంది. రాత్రి పదింటిదాకా కూర్చుంటుంది. తనకు ఈ ఉద్యోగం సరిపడదేమోనని హాస్టల్ గదిలో కుమిలిపోతుంది. ఎన్‌పీఎం ఆరో ఏడో అని అడగాలన్న ఆలోచన ఎవరికీ రాదు. వెర్షన్ల గొడవలో డబ్బు నష్టం, కాలం నష్టం అని లెక్కలేసేవాళ్లు ఈ లెక్క వేయరు. కొత్త ల్యాప్‌టాప్ చూపించింది ఆమె చేతకానితనాన్ని కాదు, ఏళ్ల తరబడి బృందంలో ఎవరూ రాసిపెట్టని ఓ సంగతిని.

గోడమీద రాస్తే చాలదు

‘అందరూ ఫలానా వెర్షనే వాడండి’ అని గ్రూపులో మెసేజ్ పెడితే సరిపోదా? పెడతారు. అందరూ బొటనవేలు బొమ్మ పెడతారు. వారం తిరిగేసరికి ఆ మెసేజ్ పుట్టినరోజు శుభాకాంక్షల కింద కూరుకుపోతుంది. ప్రాజెక్టు పరిచయపత్రంలో రాసినా అంతే. మనుషుల జ్ఞాపకం మీద ఆధారపడే ఏ ఏర్పాటైనా కొత్త మనిషి రాగానే విఫలమవుతుంది. ఆ మాట ప్రాజెక్టులోనే ఉండాలి, దాన్ని యంత్రమే చదవాలి, తేడా వస్తే యంత్రమే ఆపాలి.

దీనికి దారులు లేకపోలేదు. జావాస్క్రిప్ట్ ప్రాజెక్టు జాబితాలోనే ‘ఈ నోడ్, ఈ ఎన్‌పీఎం ఉండాలి’ అని రాసే చోటుంది. కానీ ఊరికే రాస్తే ఎన్‌పీఎం హెచ్చరించి వదిలేస్తుంది. కచ్చితంగా పాటించమని ఇంకో చోట విడిగా చెబితేనే ఆపుతుంది. ఇది తెలియక, రాశాం కదా అని నిశ్చింతగా ఉండే బృందాలకు కొదవ లేదు. ఇక ప్రాజెక్టును సర్వర్లో సిద్ధం చేసేటప్పుడు మామూలు ఆదేశం బదులు 2018లో వచ్చిన ‘సీఐ’ అనే ఆదేశం వాడాలి. చీటీకీ బిల్లుకూ పొంతన లేకపోతే అది సర్దుకుపోదు, ఠక్కున ఆగిపోతుంది. ఇలాంటిచోట మొండితనమే మంచిది.

జావా, ఆండ్రాయిడ్ వాళ్లు ఈ విషయంలో ముందున్నారు. వాళ్లు వాడే గ్రేడిల్‌లో ప్రాజెక్టుతోపాటే ఓ చిన్న సహాయక ప్రోగ్రామ్ ఉంటుంది. గ్రేడిల్ ఏ వెర్షన్ కావాలో అందులోనే రాసి ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు దాన్ని నడిపితే చాలు, అదే వెర్షన్ దిగుతుంది. ఎవరినీ అడగక్కర్లేదు. రూబీ భాష వాళ్ల బండ్లర్ అయితే తన వెర్షన్‌ను బిల్లు అడుగునే సంతకంలా రాసుకుంటుంది.

నోడ్ వాళ్లు 2021 సెప్టెంబరులో కోర్‌ప్యాక్‌ను తెచ్చింది ఇందుకే. జాబితాలో ఒక్క లైను... ‘ఈ ప్రాజెక్టుకు పీఎన్‌పీఎం, వెర్షన్ ఇది’ అని రాస్తే అది చూసి సరిగ్గా దాన్నే తెచ్చి నడుపుతుంది. చక్కటి ఏర్పాటే. అయితే 2025 మొదట్లో ఓ విచిత్రం జరిగింది. తెచ్చినది అసలుదో కాదో కోర్‌ప్యాక్ ఓ డిజిటల్ తాళంచెవితో సరిచూస్తుంది. ఎన్‌పీఎం నిర్వాహకులు ఆ తాళంచెవి మార్చారు. పాత కోర్‌ప్యాక్‌లకు కొత్త తాళంచెవి తెలియదు. నిన్నటిదాకా సాగిన పనులు పొద్దున్నకల్లా ఆగిపోయాయి. మందు ఏమిటంటే... కోర్‌ప్యాక్‌నే కొత్త వెర్షన్‌కు మార్చుకోవడం! వెర్షన్లను కాపలా కాసేవాడి వెర్షనే పాతబడిందన్నమాట. ఆ ఏడాది మార్చిలో నోడ్ సాంకేతిక కమిటీ ఓటింగ్ పెట్టి, దీన్ని నోడ్‌తో కలిపి ఇవ్వడం ఆపేయాలని తేల్చింది. 2025 అక్టోబరులో వచ్చిన నోడ్ 25లో అది లేదు, కావాల్సినవాళ్లు విడిగా తెచ్చుకోవాలి. పీఎన్‌పీఎం పదో వెర్షన్ మాత్రం ఆ ఒక్క లైనును తనే చదువుకుని, అవసరమైన వెర్షన్‌కు తనే మారిపోతుంది.

దొంగ సరుకు దిగితే...

ఇదంతా ఇంజినీర్ల చాదస్తమని కొట్టిపారేయడానికి లేదు. 2025 సెప్టెంబరు 8న ఓ ప్యాకేజీల నిర్వాహకుడికి ఎన్‌పీఎం నుంచి వచ్చినట్టే ఉన్న మెయిల్ వచ్చింది. ఆయన నమ్మాడు. మోసగాళ్లు ఆయన ఖాతాలో దూరి 18 ప్యాకేజీలకు విషం కలిపిన కొత్త వెర్షన్లు పెట్టారు. అన్నీ కలిపి వారానికి 200 కోట్లకు పైగా డౌన్‌లోడ్ అయ్యేవి. క్రిప్టో లావాదేవీల్ని దారి మళ్లించడం ఆ విషం పని. రెండు గంటల్లోపే పసిగట్టి తీసేయడం మొదలుపెట్టారు కాబట్టి సరిపోయింది. ఆ సమయంలో లాక్ ఫైల్‌లో ఉన్నదాన్నే తూచా తప్పకుండా తెచ్చుకున్నవాళ్ల దగ్గరికి ఆ కొత్త వెర్షన్లు రాలేదు. ‘టోపీ’ని నమ్ముకుని అప్పటికప్పుడు తాజా సరుకు తెచ్చుకున్నవాళ్ల సంగతి వేరు.

అదే నెలలో షాయ్-హులూద్ అనే పురుగు ఎన్‌పీఎంలో పాకింది. 500కు పైగా ప్యాకేజీలకు సోకిందని అమెరికా సైబర్ భద్రతా సంస్థ ప్రకటించింది. ప్యాకేజీ కంప్యూటర్లోకి దిగగానే ఓ చిన్న ఆదేశం దానంతటదే నడిచి, ఇంజినీరు దాచుకున్న రహస్య సంకేతాలను ఏరుకుపోతుంది. వాటితో మరిన్ని ప్యాకేజీల్లోకి దూరుతుంది. సరిగ్గా ఇలాంటి ఆదేశాలనే పీఎన్‌పీఎం పదో వెర్షన్ అంతకు ఎనిమిది నెలల ముందు నుంచీ, అనుమతి ఇస్తే తప్ప నడవనివ్వడం లేదు. తొమ్మిదో వెర్షన్ అడ్డుచెప్పదు. అంటే ఒకే బృందంలో నలుగురి దగ్గర పదోది, ఒక్కరి దగ్గర తొమ్మిదోది ఉంటే ఇంటికి నాలుగు తలుపులు గడియపెట్టి దొడ్డితలుపు తీసిపెట్టినట్టే. ఆ ఒక్కరి ల్యాప్‌టాప్‌లోనూ కంపెనీ తాళాలన్నీ ఉంటాయి.

మరీ బిగించినా తంటానే

వెర్షన్లను కట్టేశాం, ఇక చూడక్కర్లేదు అనుకునేవాళ్లూ ఉన్నారు. ఇది ఇంకో రకం తిప్పలు. నోడ్ 14కు 2023 ఏప్రిల్లో, నోడ్ 16కు అదే ఏడాది సెప్టెంబరులో మద్దతు ఆగిపోయింది. ఆ తర్వాత వాటిలో బయటపడే లోపాలకు మరమ్మతులు రావు. అక్కడే ఆగిపోయిన బృందంలో అందరి దగ్గరా ఒకే వెర్షన్ ఉంటుంది, నిజమే. అందరి దగ్గరా ఒకే చిల్లు కూడా ఉంటుంది! మూడేళ్లపాటు కదపని ప్రాజెక్టును ఒక్కసారి కదిపితే ఎన్ని ఊడిపడతాయో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

అందుకని పద్ధతిగా పనిచేసే బృందాల్లో దీనికో వంతు ఉంటుంది. మూడు నెలలకోసారో, నోడ్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడో ఒకరు పూనుకుంటారు. ఆ మార్పులో ఇంకే పనీ కలపరు. అంకె మార్చి, లాక్ ఫైలు తిరగరాయించి, అది సర్వర్లో సాఫీగా నడిచాకే మిగతావాళ్లకు కబురు పెడతారు. ఆరోజు వేల లైన్లు మారినా ఎవరూ కంగారుపడరు, ఎందుకు మారాయో తెలుసు కాబట్టి. డల్లాస్‌లో ఉన్నవాళ్లు పొద్దున లేచి ల్యాప్‌టాప్ తెరిస్తే కొత్త వెర్షన్ దానంతటదే దిగిపోయి ఉంటుంది. ఈ పని సాధారణంగా వారం మొదట్లో పెట్టుకుంటారు. శుక్రవారం సాయంత్రం మాత్రం ఆ అంకె జోలికి ఎవరూ పోరు.